బాబు ఫైల్లో మీకూ రెండు పేజీలు పెట్టండి

మా బాబుకి పుట్టినప్పటి నుంచీ సెరిబ్రల్ పాల్సీ (సీపీ), అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పే వైకల్యం. వాడిది నీలం రంగు బాక్స్ ఫైలు. పుట్టినప్పటి డిశ్చార్జి సమ్మరీ, రెండు ఎంఆర్ఐలు, ఈఈజీలు, సదరం వైకల్య సర్టిఫికెట్, ఫిజియోథెరపీ నోట్స్, కాళ్ళకీ చేతులకీ కట్టే స్ప్లింట్ల బిల్లులు, ఫిట్స్ మందుల చీటీలు. పదకొండేళ్ళ కాగితాలు. రెండేళ్ళ కిందట నడుం పట్టేసి నేను ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు అలవాటు కొద్దీ ఆ ఫైలే చంకన పెట్టుకుని పోయాను. "మీ పాత రిపోర్టులు చూపించండమ్మా" అన్నారాయన. ఫైలంతా తిరగేశాను. నా పేరుతో దొరికింది ఒకే ఒక్క కాగితం, కాన్పు నాటి బ్లడ్ గ్రూప్ చీటీ.

ఆ రాత్రి ఫైలు చివర రెండు తెల్లకాగితాలు పెట్టాను. ఒకదాని మీద అమ్మ అని, ఇంకోదాని మీద నాన్న అని రాశాను. ఇలాంటి పిల్లలున్న అమ్మానాన్నలకి నేను ఇక్కడ చెప్పేదంతా ఆ రెండు పేజీలు ఎలా నింపాలన్నదే. ఫిజియో ఒక వారం తప్పితే మనకి ఎంత టెన్షనో! అదే అమ్మ మంచాన పడితే, నాన్న బీపీతో కూలబడితే, ఫిజియోకి తీసుకెళ్ళేవాళ్ళే ఉండరు. మన ఒళ్ళు, మన ఉద్యోగం కూడా పిల్లవాడి వైద్యంలో లెక్కే. ఈ మాట నా మనసుకి ఎక్కడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదు.

మాది హైదరాబాద్ ఫతేనగర్, అద్దె ఇల్లు. నేను బాలానగర్‌లో పంపుల విడిభాగాలు చేసే చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా ఆయన ఎలక్ట్రీషియన్, పనికెళ్ళిన రోజుకే డబ్బులు. బాబుని ఇంట్లో నాని అంటాం. పుట్టగానే ఏడవలేదు. సెరిబ్రల్ పాల్సీ, కాళ్ళూ చేతులూ నాలుగూ బిగుసుకుపోయే రకం. నడవలేడు, ఆసరా ఉంటే కూర్చుంటాడు. మాటలు ఓ పదిహేను వచ్చు, అర్థం మాత్రం అన్నీ అవుతాయి. వాడి తర్వాత ఏడేళ్ళ పాప. అత్తమ్మ మాతోనే ఉంటుంది.

ముందు ఎన్నిసార్లు ఎత్తుతున్నారో లెక్కపెట్టండి

నా నడుం పట్టేసింది బాత్రూంలో. స్నానం అయ్యాక కింద పీట మీది నుంచి నానిని లేపుతున్నాను. ఒళ్ళంతా సబ్బు, చేతుల్లోంచి జారిపోతున్నాడు. సగం లేపాక నడుంలో కలుక్కుమంది. వదిలేస్తే వాడి తల గచ్చుకి తగులుతుంది. అలాగే పట్టుకుని మెల్లగా కింద కూర్చుని, వాణ్ణి ఒళ్ళో వేసుకుని గోడకి ఆనుకున్నాను. అత్తమ్మ గుడికి వెళ్ళింది. ఆమె వచ్చేదాకా ఇరవై నిమిషాలు, వాడికి చలి పుట్టకుండా బకెట్లో వేడినీళ్ళు చెంబుతో కొంచెం కొంచెం పోస్తూ కూర్చున్నాను. అమ్మ ఆడుతోందనుకుని వాడు నవ్వుతూనే ఉన్నాడు.

ఎముకల డాక్టర్ మాత్రలు రాసి, వయసుతో వచ్చేదే అన్నారు. అప్పటికి నాకు 36. అసలు సంగతి పట్టుకున్నది నాని ఫిజియో. "ఇంట్లో 25 కిలోల బియ్యం బస్తా మీరే ఎత్తుతారామ్మా?" అని అడిగారు.

"లేదు సార్, ఆయన వచ్చేదాకా ఆగుతాను."

"బాబు బరువు ఎంత?"

"24 కిలోలు."

"రోజుకి ఎన్నిసార్లు ఎత్తుతారు?"

చెప్పలేకపోయాను. మర్నాడు ఎత్తినప్పుడల్లా క్యాలెండర్ అంచున ఒక గీత గీశాను. రాత్రికి 31 గీతలు. 31ని 24తో గుణిస్తే 744 కిలోలు. నేను రోజూ లెక్కలు చేసే మనిషినే, ఈ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు.

మీరు కూడా మొదట ఇదే చెయ్యండి. ఒక్క రోజు గీతలు గీయండి. ప్రతి గీత పక్కన ఎక్కడి నుంచి ఎక్కడికో రెండు మాటల్లో రాయండి. మా ఇంట్లో చూస్తే సగానికి పైగా నేల మీది నుంచి ఎత్తినవే. బట్టలు మార్చడం చాప మీద, తినిపించడం చాప మీద, ఆడించడం చాప మీద. నడుంకి అన్నిటికన్నా చేటు చేసేది నేల మీది నుంచి లేపడమే. అందుకని పాత దివాన్ కాళ్ళ కింద వడ్రంగితో గుంట పెట్టించిన చెక్క దిమ్మెలు వేయించాం. గుంటలో కాలు కూర్చుంటే మంచం జరగదు. పరుపు సరిగ్గా నా నడుం ఎత్తుకి వచ్చింది. బట్టలు, స్ప్లింట్లు, వ్యాయామాలు అన్నీ ఇప్పుడు దాని మీదే. అంత ఎత్తు మంచం మీద పిల్లవాణ్ణి క్షణం కూడా ఒంటరిగా వదలకూడదు, గోడ వైపు పడుకోబెట్టి ఇవతల మనం నిలబడాలి. స్నానానికి పీట తీసేసి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ, ఛాతీకి వెడల్పాటి బెల్టు, హ్యాండ్ షవర్. గీతలు 31 నుంచి 14కి దిగాయి. డాక్టర్ ఇచ్చిన మాత్రల కన్నా ఇదే నన్ను నిలబెట్టింది.

మిగిలిన పద్నాలుగు సార్లు ఎత్తే పద్ధతి ఫిజియో నాతో పదిసార్లు చేయించారు. ముందు పిల్లవాడితో చెప్పాలి. "నానీ, లేపుతున్నా. ఒకటి, రెండు, మూడు" అంటాను. చెప్పకుండా ముట్టుకుంటే ఉలిక్కిపడి ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోతాడు. బిగుసుకున్న పిల్లవాణ్ణి అలాగే ఎత్తితే బరువు రెండింతలైనట్టు ఉంటుంది. ముందు తుంటి దగ్గర, మోకాళ్ళ దగ్గర మెల్లగా మడవాలి, అప్పుడు బిగువు కాస్త సడలుతుంది. చేతులు పట్టి గుంజొద్దు, భుజం కీలు జారే ప్రమాదం ఉంది. ఒక చెయ్యి తొడల కింద, ఒక చెయ్యి చంకల కిందుగా వీపు వెనక. వాణ్ణి మన ఛాతీకి ఆనించుకున్నాకే లేవాలి. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, ఊపిరి వదులుతూ లేవాలి. లేచాక నడుం తిప్పొద్దు, పాదాలు తిప్పుతూ మొత్తం మనిషి తిరగాలి. వాడి చెయ్యి మన మెడ చుట్టూ వేసుకోగలిగితే వేయించండి, ఆ మేరకు వాడి పని కూడా వాడు చేసినట్టు.

మా ఆయనకీ అత్తమ్మకీ కూడా నేర్పించాం. అత్తమ్మ ఎత్తకూడదు, ఆమె మోకాళ్ళు అరిగాయి. కానీ ఇద్దరు కలిసి దుప్పటితో జరిపేటప్పుడు ఒక కొస పడుతుంది. పెద్ద బరువులు, అంటే స్నానం, మెట్లు, ఆయన వాటా. అన్నట్టు మెట్లు. అప్పట్లో రెండో అంతస్తులో ఉండేవాళ్ళం, లిఫ్ట్ లేదు. పిల్లవాడు పెరుగుతాడు, మెట్లు తగ్గవు. నెలకి రెండు వేలు ఎక్కువైనా అదే వీధిలో కింది వాటాకి మారాం. ఇల్లు మారే స్తోమత వస్తే ముందు ఈ పని చెయ్యండి, మిగతావి తర్వాత.

ఆడవాళ్ళు పైకి చెప్పుకోని సంగతి ఒకటి ఉంది. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడటం, కింద ఏదో దిగజారినట్టు బరువుగా ఉండటం. కాన్పుల తర్వాత ఏళ్ళ తరబడి బరువులెత్తే అమ్మల్లో ఇది చాలామందికి ఉంటుంది. థెరపీ గది బయట బెంచీ మీద ఒకామె నాతో గుసగుసగా చెప్పింది, నాకూ ఉందని నేను గుసగుసగా చెప్పాను. గైనకాలజిస్టుకి చూపించుకుంటే కటి కండరాల వ్యాయామాలు నేర్పారు, మూడు నెలల్లో చాలా తగ్గింది. సిగ్గుపడి దాచుకోవద్దు. నడుం నొప్పి కాలిలోకి దిగి తిమ్మిరెక్కినా, పాదంలో బలం తగ్గినా వెంటనే డాక్టర్‌కి చూపించండి. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పిందా, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

నిద్రని ఇద్దరూ పంచుకోండి

నాని రాత్రికి నాలుగైదు సార్లు లేచి ఏడ్చేవాడు. సీపీ పిల్లలంతే అనుకుని ఏళ్ళు గడిపాం. న్యూరాలజిస్టు అడిగితే ఫిట్స్ గురించే చెప్పేవాళ్ళం, నిద్ర గురించి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాక తెలిసింది, లేవడానికి కారణాలు ఉంటాయని. కాళ్ళు కొంకర్లు పోవడం, తిన్నది గొంతులోకి ఎగదన్నడం, మలబద్ధకం. మా వాడికి చివరి రెండూ ఉన్నాయి. రాత్రి భోజనం ఏడింటికి జరిపి, పడుకునేటప్పుడు తల వైపు ఎత్తు చేసి, విరేచనానికి మందిస్తే నెల రోజుల్లో రాత్రికి రెండుసార్లకి తగ్గింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు వారం రోజులు ఎన్ని గంటలకి లేచాడో, ఎంతసేపు ఏడ్చాడో రాసి తీసుకెళ్ళండి. ఆ చీటీ ఉంటే డాక్టర్ కూడా నిద్ర గురించి అడగక తప్పదు.

ఆ మిగిలిన రెండుసార్లకి ఇద్దరం లేవడం మానేశాం. పది నుంచి రెండున్నర దాకా ఆయన కాపలా, నేను అవతలి గదిలో అత్తమ్మ, పాపల దగ్గర తలుపు వేసుకుని పడుకుంటాను. రెండున్నర నుంచి ఏడు దాకా నేను వాడి దగ్గర, ఆయన అవతలి గదిలో. మొదటి వారం తలుపు అవతల వాడు ఏడుస్తుంటే పరిగెత్తబోయేదాన్ని. ఆయనే, "నేను ఉన్నా కదా, పడుకో" అన్నారు. ఒక్కొక్కరికీ తెగకుండా నాలుగున్నర గంటల నిద్ర, ఆదివారం మధ్యాహ్నం వంతులవారీగా ఇంకో రెండు గంటలు. సరిపోదు, కానీ ముక్కలు ముక్కలుగా ఆరు గంటల కన్నా ఇదే నయం. ఒంటరిగా చూసుకుంటున్న అమ్మలు వారానికి ఒక్క రాత్రయినా చెల్లినో తల్లినో పిలిపించుకోండి.

నాన్నలు తమ ఒంటి సంగతి అసలే చెప్పరు. ఒకసారి మా ఆయనకి నిచ్చెన మీద కునుకు పట్టింది. పక్కన హెల్పర్ పట్టుకోబట్టి సరిపోయింది. వారం తర్వాత గానీ నాకు చెప్పలేదు. ప్రభుత్వ బస్తీ దవాఖానాకి లాక్కెళ్తే బీపీ 160కి 100. అంతకు ముందు ఎప్పుడూ చూపించుకోలేదు. అక్కడ చూపించుకోడానికి డబ్బు అక్కర్లేదు, రక్తపరీక్షలకి నమూనా అక్కడే ఉచితంగా తీసుకుంటారు. ఏడాదికోసారి ఇద్దరూ బీపీ, షుగర్, థైరాయిడ్, రక్తంలో హిమోగ్లోబిన్ చూపించుకోండి. మేము నాని పుట్టినరోజు వారంలో చేయించుకుంటాం, అలాగైతే మర్చిపోము. రిపోర్టులు నీలం ఫైల్లో మన పేజీల వెనక.

నేను చెయ్యి చేసుకున్న రోజు

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం, ఆఫీసు నుంచి వచ్చి అన్నం తినిపిస్తున్నాను. గంట అయింది. ఆఖరి ముద్ద నా మొహం మీద ఉమ్మాడు. వాడు కావాలని చెయ్యలేదు, నాలుక వెనక్కి తోసింది. అది నాకు తెలుసు. తెలిసి కూడా చెంప మీద కొట్టాను. వాడు ఏడవలేదు. కళ్ళు పెద్దవి చేసి చూస్తూ ఉండిపోయాడు. పాప వచ్చి వాడి చెయ్యి పట్టుకుని నిలబడింది.

మర్నాడు బెంచీ మీద ఇంకో అమ్మకి చెప్పాను. "నేనూ కొట్టానక్కా" అంది. ఆమే చెప్పింది, 14416కి ఫోన్ చెయ్యమని. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, 2022 అక్టోబరులో మొదలైంది. పగలైనా రాత్రయినా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నేను ఆఫీసు మేడ మీదికి వెళ్ళి చేశాను. అవతలి అమ్మాయి నన్ను తిట్టలేదు. ఎన్నాళ్ళుగా ఇలా ఉంది, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది అని ఒక్కొక్కటే అడిగి, సైకియాట్రిస్టుకి చూపించుకోమంది. డిప్రెషన్ అన్నారు. ఎనిమిది నెలలు మాత్రలు వేసుకున్నాను. ఇప్పుడు లేవు. ఆ మాత్రల చీటీ కూడా నా పేజీలో ఉంది, దాచలేదు.

పిల్లవాడు నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, ఊరికే ఏడుపు రావడం, ప్రతిదానికీ అరవడం రెండు వారాలు దాటితే డాక్టర్‌ని కలవండి. వాడూ నేనూ కలిసి పోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కి ఫోన్ చెయ్యండి, పిల్లవాణ్ణి ఆ పూట ఇంకొకరికి అప్పగించండి. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం పేరు చెప్పగానే మనవాళ్ళు వెనక్కి తగ్గుతారు. అక్కడ మనలాంటి వాళ్ళని రోజూ చూస్తారు, ఓపీ చీటీ తీసుకుని చూపించుకుని ఇంటికొచ్చేయొచ్చు.

బంధువుల మాటలు కూడా ఒంటికి తగులుతాయి. ఏ జన్మలో చేసుకున్న పాపమో అనేవాళ్ళు ప్రతి పెళ్ళిలోనూ ఉంటారు. వాదించడం మానేశాను. "పుట్టినప్పుడు మెదడుకి ఆక్సిజన్ అందలేదు పిన్నీ" అని చెప్పి, వెంటనే, "ఆదివారం ఒక గంట నాని దగ్గర కూర్చుంటారా?" అని అడుగుతాను. కొందరు తప్పించుకున్నారు. ఇద్దరు వచ్చారు. అందులో ఒకామె ఇప్పుడు నెలకి రెండు ఆదివారాలు వస్తోంది, వాడికి పాటలు పాడుతుంది.

ఉద్యోగం మానే ముందు

నానికి మూడేళ్ళప్పుడు నేను వేరే కంపెనీలో ఉండేదాన్ని. సెలవులు ఎక్కువవుతున్నాయని పిలిచి, "ఇంట్లో బాబుని చూసుకోమ్మా, ఇదంతా నీకెందుకు" అని రాజీనామా రాయించుకున్నారు. జాలిపడి అన్నారనే అనుకుని సంతకం పెట్టాను. ఏడాది ఇంట్లో ఉన్నాను. ఆ కంగారులో పీఎఫ్‌తో పాటు ఫారం 10సీ పెట్టి పెన్షన్ భాగం కూడా తీసేసుకున్నాను. చేతికొచ్చిన డబ్బు రెండు నెలల థెరపీకి అయిపోయింది, ఆరేళ్ళ సర్వీసు లెక్క చెరిగిపోయింది.

మీరు ఆ పని చెయ్యొద్దు. పదేళ్ళ సర్వీసు నిండకుండా మానాల్సి వస్తే అదే ఫారం 10సీలో డబ్బు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడగండి. మళ్ళీ ఉద్యోగంలో చేరినప్పుడు పాత సర్వీసు కలుస్తుంది. మనకి ఇది ఎందుకు ముఖ్యమంటే, ఉద్యోగుల పెన్షన్ పథకంలో సభ్యులు చనిపోతే, శాశ్వతంగా పూర్తి వైకల్యం ఉన్న బిడ్డకి వయసుతో నిమిత్తం లేకుండా పెన్షన్ ఇచ్చే నిబంధన ఉంది. మామూలు పిల్లలకైతే 25 ఏళ్ళతో ఆగిపోతుంది. పీఎఫ్ ఖాతాలో కుటుంబ వివరాలు, నామినేషన్ నింపారో లేదో ఇవాళే చూసుకోండి.

మానాలా వద్దా అన్నది కాగితం మీద తేల్చుకోండి. ఎడమ పక్క జీతం, కుడి పక్క ఆయా ఖర్చు, ఆటోలు రాసి, మిగిలేది నాలుగు వేలే కదా అని చాలామంది మానేస్తారు. ఎడమ పక్క ఇంకా రాయాలి. నాకు జీతం 21 వేల లోపు, కాబట్టి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంది. ఫిట్స్ మందులు, పరీక్షలు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రిలో నా కార్డు మీదే జరుగుతాయి. వైకల్యం వల్ల మన మీదే ఆధారపడిన బిడ్డకి అందులో వయసు పరిమితి లేదు. అది మందుల షాపులో కొంటే ఎంతవుతుందో రాయండి. పీఎఫ్‌లో కంపెనీ వాటా రాయండి. ఇంకొకటి డబ్బులో రాయలేం: ఆఫీసులో ఎనిమిది గంటలు నేను బరువు ఎత్తను. నా నడుంకి అదే విశ్రాంతి.

ఆఫీసులో అడిగే తీరు కూడా ముఖ్యం. మొదట్లో నేను ప్రతిసారీ పొద్దున్నే ఫోన్ చేసి, "సార్, బాబుకి బాగాలేదు" అని సెలవు అడిగేదాన్ని. పది సార్లకి వాళ్ళకీ విసుగు, నాకూ తల కొట్టేసినట్టు. ఇప్పటి కంపెనీలో చేరిన మూడో నెలలో ఒక పేజీ రాసుకుని వెళ్ళాను. "మంగళ, శుక్రవారాలు నాలుగింటికి వెళ్తాను సార్. మిగతా మూడు నాలుగు రోజులు ఎనిమిదిన్నరకే వస్తాను. 7న టీడీఎస్ పన్ను కట్టాలి, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ జీఎస్టీ రిటర్నులు వెయ్యాలి. ఈ తేదీలు మంగళ, శుక్రవారాల్లో పడితే ఆ వారం థెరపీ రోజు మార్చుకుంటాను. రెండు నెలలు చూడండి." సార్ కాగితం రెండుసార్లు చదివి సరే అన్నారు. జాలి అడిగితే పది రోజులకి అయిపోతుంది. పని ఎలా జరుగుతుందో చూపించి అడిగింది నాలుగేళ్ళుగా నడుస్తోంది. ఆ ఒప్పుకున్న కాగితం మీద సంతకం చేయించుకుని మీ పేజీలో పెట్టుకోండి, మేనేజర్ మారితే అదే కాపాడుతుంది.

యాభై మంది, ఆ పైన పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టంలో చేర్చారు. ఉందో లేదో హెచ్ఆర్‌ని అడగొచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకి మొత్తం సర్వీసులో 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది, వైకల్యం ఉన్న బిడ్డయితే వయసు పరిమితి లేదు. ఒంటరి తండ్రులకీ వర్తిస్తుంది. వికలాంగ బిడ్డ ఉన్న తల్లికి ఈ సెలవు నిరాకరించడం ఆడవాళ్ళని ఉద్యోగాల్లో నిలబెట్టాల్సిన రాజ్యాంగ బాధ్యతకే విరుద్ధమని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు హిమాచల్ కేసులో చెప్పింది. అలాంటి బిడ్డని చూసుకునే కేంద్ర ఉద్యోగులని మామూలు బదిలీల నుంచి మినహాయించమని 2014 జూన్‌లోనే ఉత్తర్వు ఉంది. ప్రైవేటులో మనకి ఈ సెలవూ లేదు, ఈ బదిలీ మినహాయింపూ లేదు. ఉండాలి.

భార్యాభర్తల మధ్య కూడా లెక్క జరగాలి. నా సెలవుకి జీతం పోదు, ఆయన పని మానితే రోజు కూలి పోతుంది. అందుకని థెరపీకి తీసుకెళ్ళడం నాది. బదులుగా పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా సాగతీత వ్యాయామాలు, స్నానం ఆయనవి. ఇలా రాసుకోకముందు అన్నీ నావే. ఆయన చెడ్డవారు కాదు, ఎవరూ రాసివ్వలేదంతే.

నేను ఆఫీసులో నిశ్చింతగా కూర్చోగలిగేది అత్తమ్మ వల్ల. ఆమెకి నేర్పించి, వంటింటి గోడకి పెద్ద అక్షరాలతో కాగితం అంటించాం. తినిపించేటప్పుడు కుర్చీలో నిటారుగా, తల కొంచెం ముందుకి, పడుకోబెట్టి పోయొద్దు. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పాలి, నోట్లో చెంచా గానీ తాళాలు గానీ పెట్టొద్దు, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే డాక్టర్ రాసిచ్చిన స్ప్రే ముక్కులో కొట్టి 108కి ఫోన్. కింద మా ఇద్దరి నంబర్లు. చదువు రాని వాళ్ళుంటే బొమ్మలు గీయండి. అత్తమ్మకి కూడా విశ్రాంతి రోజు ఉంది, శనివారం.

కాగితాలు

వీటి గురించి చాలామంది చెప్తారు, నేను అమ్మానాన్నల బరువు తగ్గించేవే చెప్తాను. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే జాతీయ గుర్తింపు కార్డు) ఉంటే మిగతా తలుపులు తెరుచుకుంటాయి. ఆటిజం, సీపీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్న వాళ్ళకి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష దాకా, థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి, ముందస్తు పరీక్షలు ఉండవు. బిల్లులు మనమే జాగ్రత్తగా పెట్టుకోవాలి. ఆదాయపు పన్నులో, వైకల్యం ఉన్న బిడ్డని పోషించేవాళ్ళు (1961 చట్టంలో ఇది సెక్షన్ 80డీడీ) పాత పద్ధతి ఎంచుకుంటే, పన్ను లెక్కించే ఆదాయంలోంచి 75 వేలు, వైకల్యం 80 శాతం, ఆ పైన ఉంటే లక్షా పాతిక వేల తగ్గింపు ఉంది, ఖర్చు ఎంతైనా ఆ మొత్తం పూర్తిగా వస్తుంది. మా ఆఫీసులో ఒక సార్ ఏడేళ్ళు పెట్టుకోలేదు. డిక్లరేషన్లు చూస్తూ నేనే అడిగాను, "మీ అమ్మాయి సర్టిఫికెట్ ఇవ్వలేదేంటి సార్?" అని. అమ్మాయికి ఆటిజం అని ఆఫీసులో ఎవరికీ చెప్పుకోలేదట.

బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఉన్న ఎన్ఐఈపీఐడీకి వెళ్ళండి. 1984లో పెట్టిన జాతీయ సంస్థ, పాతవాళ్ళు ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులకి నేర్పించడం వాళ్ళ పనిలో భాగం, జిల్లాల నుంచి వచ్చే కుటుంబాలు కొన్ని రోజులు ఉండి నేర్చుకోడానికి కాటేజీలు కూడా ఉన్నాయి. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకిచ్చే మహాలక్ష్మి పథకం కింద అమ్మకి టికెట్ డబ్బు అక్కర్లేదు. అలా మిగిలిన డబ్బుని నేను ఒక డబ్బాలో వేసి, వాన రోజుల ఆటోకి వాడతాను.

ఈ నెల నా పేజీలో ఉన్నవి ఇవి: థైరాయిడ్ పరీక్ష 14న ఇవ్వాలి. నడుం వ్యాయామం వారంలో నాలుగు రోజులు చేశాను, మూడు రోజులు తప్పింది. నాని బరువు 26 కిలోలు, గీతలు మళ్ళీ లెక్కపెట్టాలి. ఆయన పేజీలో: బీపీ 138కి 88. మాత్రలు తొమ్మిదే మిగిలాయి, శనివారం తేవాలి.